నేలమాళిగకు ఎనిమిది బటన్లు

కీబోర్డు మీద పుట్టిన ఆటను కంట్రోలర్‌లోకి కుదిస్తే సారం పోతుందని ఆటగాళ్లలో ఒక పాత నమ్మకం. నేలమాళిగ (డంజన్) ఆటల వరకు అది తప్పని నా వాదన. 1981లో ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ ఆపిల్ 2 కంప్యూటర్ కోసం రాసిన ‘విజార్డ్రీ’ని చూడండి. మొత్తం పది అంతస్తులు, అంతస్తుకు ఇరవై గళ్ల పొడవు, ఇరవై గళ్ల వెడల్పు. అక్కడ తిరిగేవాడు చేసేదల్లా గడి ముందుకు నడవడం, కుడికో ఎడమకో మళ్లడం, తలుపును తన్నడం. ఇంతమాత్రానికి కీబోర్డంతా అక్కర్లేదు. అప్పట్లో కంప్యూటర్‌కు ఉన్నది అదే గనుక దాన్నే వాడారు.

సరైన పనిముట్టును నింటెండోలో గుంపై యోకోయ్ తయారుచేశాడు. 1982లో చేతిలో పట్టే ‘డాంకీ కాంగ్’ ఆటకు ఆయన కూడిక గుర్తు ఆకారంలో బటన్ పెట్టాడు. మరుసటి ఏడాది ఆ సంస్థ టీవీ ఆటల యంత్రమైన ఫ్యామికామ్ కంట్రోలర్‌లోకీ అదే వచ్చింది. విప్పి చూస్తే ఆ ప్లాస్టిక్ ముక్క కింద రబ్బరు పొర, దానికి నాలుగు దిక్కులా నల్లటి కార్బన్ బిళ్లలు కనిపిస్తాయి. ఎటు నొక్కితే అటు బిళ్ల కిందికి దిగి సర్క్యూట్‌ను కలుపుతుంది. నాలుగు దిక్కులు, ఇంకో నాలుగు బటన్లు కలిపి ఎనిమిది. 4021 అనే చిన్న చిప్ ఆ ఎనిమిదింటి స్థితినీ ఒక్కసారే పట్టుకుని, వరసగా ఒకే తీగ మీద పంపుతుంది. 1987లో ‘విజార్డ్రీ’ ఈ కంట్రోలర్‌కు వచ్చినప్పుడు బొటనవేలే నేలమాళిగలో నడిచింది.

మంత్రాల సంగతేమిటని అడగవచ్చు. ఆపిల్‌లో మంత్రం పేరును అక్షరం అక్షరం టైపు చేయాలి, ఫ్యామికామ్‌లో జాబితాలోంచి ఎంచుకుంటే చాలు. గుర్తుపెట్టుకునే సరదా కొంత తగ్గిన మాట నిజమే. కానీ మిగిలిన కొద్ది మంత్రాలను ఇప్పుడే వాడాలా, దాచుకోవాలా అన్న బెంగ ఎక్కడికీ పోలేదు. ఆట ప్రాణం అందులోనే ఉంది. ‘డయాబ్లో’ మీద వచ్చే అభ్యంతరం ఇంకా గట్టిది. 1996లో ఆ నేలమాళిగ ఆట మౌస్ కోసమే పుట్టింది. 1998లో ప్లేస్టేషన్‌కు వచ్చాక ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకే తెర మీద ఆడగలిగారు. 2013లో కన్సోళ్లకు వచ్చిన ‘డయాబ్లో 3’లో గురి చాలావరకు యంత్రమే చూసుకుంటుంది, మౌస్ కచ్చితత్వం తగ్గింది. బదులుగా దెబ్బ తప్పించుకుని దొర్లడం కొత్తగా చేరింది. నా వాదన ఆగేది 1980 నాటి ‘రోగ్’ దగ్గర. ఆ ఆటలో తాగడానికో అక్షరం, చదవడానికో అక్షరం, విసరడానికో అక్షరం. దానికి కీబోర్డే కావాలి, ఒప్పుకుంటాను.

నందిగామ, జగ్గయ్యపేట లాంటి ఊళ్లకు 1990లలో చేరిన టీవీ వీడియోగేములు ఫ్యామికామ్‌కు నకళ్లే. కూడిక గుర్తు బటన్‌తో సహా కంట్రోలర్ పిల్లల చేతికి వచ్చింది. అయినా వాళ్లు ఆడింది మారియో, కాంట్రా. నేలమాళిగ ఆట ఒక్క పూటలో తేలేది కాదు, ఎక్కడిదాకా వచ్చామో క్యాసెట్ గుర్తుంచుకోవాలి. ‘విజార్డ్రీ’ క్యాసెట్‌లో అందుకోసం చిన్న బ్యాటరీ ఉండేది, కరెంటు తీసేసినా చిప్‌లోని లెక్కను అదే కాపాడేది. చవక క్యాసెట్లు తయారుచేసినవాళ్లు సాధారణంగా ఆ బ్యాటరీ పెట్టలేదు. ఆ పిల్లలను నేలమాళిగ గుమ్మం బయటే ఆపింది ఆ కొరతే గానీ, కంట్రోలర్ కాదు.