పెరటి పిట్టలకు పురుగుల విందు: దీవుల్లో ఆచితూచి

అండమాన్ రాజధాని శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్)లోని డాలీగంజ్ వంటి ప్రాంతాల్లో పెరట్లోకి పిట్టలు రావడం మామూలే. పెద్ద నలంచి, పికిలిపిట్ట, తేనెపిట్టలతో పాటు గోరింకలూ వస్తాయి. గింజలు, అన్నం మెతుకులు పెట్టడం మనకు అలవాటే. అమెరికాలో మాత్రం నీలిపిట్టలకు మీల్‌వార్మ్‌లు పెడతారు. ఇక్కడా పెట్టవచ్చా?

మీల్‌వార్మ్ నిజానికి వానపాము లాంటిది కాదు. నిల్వ ధాన్యాన్ని, పిండిని తినే ఒక పెంకు పురుగు లార్వా. బతికున్న పురుగులో సుమారు 60 శాతం నీరు, 19 శాతం ప్రొటీన్, 13 శాతం కొవ్వు ఉంటాయి. పిల్లలను పెంచే పక్షులకు ఇది మంచి బలం.

అయితే ఇందులో ఒక లోపం ఉంది. 100 గ్రాముల పురుగుల్లో కాల్షియం సుమారు 17 మిల్లీగ్రాములే; భాస్వరం 285 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. ఎదిగే పిల్లలకు భాస్వరం కంటే కాల్షియమే ఎక్కువ కావాలి. భాస్వరం మితిమీరితే పేగుల్లో కాల్షియాన్ని పట్టి ఉంచి, ఒంటికి అందనివ్వదు. అప్పుడు శరీరం రక్తంలో కాల్షియం తగ్గకుండా ఎముకల నుంచే తోడుకుంటుంది. ఫలితంగా పిల్లల ఎముకలు మెత్తబడతాయి. గుడ్ల పెంకులూ పలచబడవచ్చు. అందుకే ఇది చిరుతిండిగా సరే గానీ పూర్తి భోజనం కాదు.

దీవుల లెక్క వేరు

నీలిపిట్టలు చెట్టు తొర్రల్లో గూడు పెడతాయి. ఐరోపా నుంచి అమెరికాకు తెచ్చి వదిలిన పిచ్చుకలు, స్టార్లింగ్‌లు ఆ తొర్రలను ఆక్రమించడంతో 20వ శతాబ్దంలో వాటి సంఖ్య బాగా పడిపోయింది. వాటిని తిరిగి నిలబెట్టడంలో ప్రధాన పాత్ర చెక్క గూళ్లది. పురుగుల మేత అదనపు సాయం మాత్రమే.

అండమాన్‌లోనూ ఇలాంటి పోటీయే ఉంది. ఇక్కడి గోరింక స్థానిక పక్షి కాదు. 19వ శతాబ్దంలో మనుషులు తెచ్చి వదిలినది. ప్రపంచంలోని 100 అతి హానికర చొరబాటు జీవుల జాబితాలో దాని పేరు ఉంది. అండమాన్, నికోబార్ దీవులకే ప్రత్యేకమైన తెల్లతల గోరింక కూడా తొర్రల్లోనే గూడు పెడుతుంది. పళ్లెంలో పురుగులు పోస్తే మొదట వాలేది సాధారణంగా మనుషులకు అలవాటు పడిన గోరింకలు, కాకులే. అంటే మనం పెట్టే మేత స్థానిక పక్షులకు కాక, వాటి పోటీదారులకు బలం కావచ్చు. పైగా తప్పించుకున్న పురుగులు ఇంట్లోని బియ్యం, పిండిలో చేరే ప్రమాదమూ ఉంది.

మరి ఏం చేయాలి?

ఏడాదిలో సగానికి పైగా వానలు పడే ఈ దీవుల్లో పురుగులకు కొరత ఉండదు. పెరట్లో పురుగుమందు చల్లకపోతే చాలు, గొంగళిపురుగులు, సాలీళ్లు, మిడతలు వాటంతట అవే వస్తాయి. రకరకాల పురుగులు తిన్న పిల్లలకు పోషకాలూ సమతూకంగా అందుతాయి. పాత చెట్ల తొర్రలను కొట్టేయకూడదు. ఎండాకాలంలో లోతు తక్కువ పళ్లెంలో నీళ్లు పెట్టి రోజూ మార్చాలి.

మీల్‌వార్మ్‌లు పెట్టాలనే అనుకుంటే రోజుకు కొన్ని చాలు. ఎండినవైతే నానబెట్టాలి. వేయించి పొడిచేసిన గుడ్డు పెంకును వాటికి అద్దితే కాల్షియం లోటు కొంత తీరుతుంది. గోరింకలు గుంపుగా రావడం మొదలైతే మాత్రం మేత ఆపేయడమే స్థానిక పిట్టలకు చేసే మేలు.