సున్నంలో దాగిన వేడి

సంక్రాంతి దగ్గర పడింది. ఇంటికి సున్నం వేయాలి. నానమ్మ పాత ఇనుప డ్రమ్ములో నీళ్లు పోసింది. అందులో సున్నపు గడ్డలు వేసింది. కాసేపటికి గుప్పున ఆవిరి లేచింది. నీళ్లు కుతకుత ఉడికాయి.

మనవడు వింతగా చూశాడు.

"నానమ్మా, కింద మంట లేదు కదే! నీళ్లెలా ఉడుకుతున్నాయి?"

"సున్నం గుణం అంతేరా అయ్యా. నువ్వు దూరంగా ఉండు."

నానమ్మ మాట నిజమే. కానీ ఆ గుణం ఎక్కడి నుంచి వచ్చింది? పొయ్యి లేదు, కట్టె లేదు. వేడి ఊరికే పుట్టదు కదా!

ఇది తెలియాలంటే సున్నపు బట్టీ దాకా వెళ్లాలి. పల్నాడు జిల్లా పిడుగురాళ్లలో ఇలాంటి బట్టీలు చాలా ఉన్నాయి. బట్టీలో సున్నపురాయి, బొగ్గు వేసి మండిస్తారు. నీళ్లు మరగడానికి 100 డిగ్రీల వేడి చాలు. సున్నపురాయి కాలడానికి దాదాపు 900 డిగ్రీలు కావాలి. అంత వేడికి రాయిలోంచి బొగ్గుపులుసు గాలి బయటికి పోతుంది. 100 కిలోల మంచి రాయి కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలే. మిగతా 44 కిలోలూ గాలిలో కలిసిపోతాయి. అందుకే కాల్చిన గడ్డ తేలిగ్గా ఉంటుంది.

రాయిని ఇలా విడగొట్టడానికి చాలా వేడి ఖర్చవుతుంది. ఆ వేడి ఎటూ పోదు. గడ్డ చల్లారాక కూడా పోదు. పొదుపు సంఘంలో దాచిన సొమ్ములాగా ఉంటుంది. పైకి కనపడదు, అంతే.

ఈ సొమ్ము రెండు విడతలుగా తిరిగి వస్తుంది. సున్నం నీళ్లతో కలిసినప్పుడు మొదటి విడత వస్తుంది. మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ వేడి ఒక్కసారిగా బయట పడుతుంది. మనవడు చూసింది అదే. మరి మిగతాది? గోడకు వేసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లగా పీల్చుకుంటుంది. మళ్లీ రాయి అవుతుంది! అప్పుడు మిగతా వేడి కూడా బయటికి వస్తుంది. కానీ రోజుల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది. గోడ మీద చెయ్యి పెట్టినా మనకు తెలియదు.

బట్టీలో జరిగింది వేడిని పుచ్చుకునే మార్పు. దాన్ని ఉష్ణగ్రాహక చర్య అంటారు. డ్రమ్ములో జరిగింది వేడిని ఇచ్చే మార్పు. అది ఉష్ణమోచక చర్య. పేర్లకు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, సంగతి తెలిస్తే చాలు.

ఆ మొదటి విడతతోనే ప్రమాదం. కిలో మంచి సున్నం తడిస్తే వచ్చే వేడితో మూడు లీటర్లకు పైగా నీళ్లు మరిగించవచ్చు. అందుకే సున్నం కుప్ప మీద నీళ్లు గుమ్మరించకూడదు. ఆ కాసిని నీళ్లూ ఒక్కసారిగా మరిగి సున్నంతో సహా ముఖం మీదికి చిమ్ముతాయి. ముందు డ్రమ్ములో ఎక్కువ నీళ్లు పోయాలి. తర్వాత సున్నం కొద్దికొద్దిగా వేయాలి. ప్లాస్టిక్ బకెట్ వేడికి మెత్తబడుతుంది, వాడొద్దు. అల్యూమినియం గిన్నె అసలే వద్దు, సున్నం దాన్ని తినేస్తుంది. సున్నం బస్తాలను గడ్డివాము పక్కన పెట్టొద్దు. వానకు తడిస్తే ఆ వేడికి గడ్డి అంటుకోవచ్చు.

తాంబూలంలో వేసుకునే సున్నం అప్పటికే నీళ్లు తాగిన సున్నం. అది ఉడకదు. అయినా కంటిని కొరికేస్తుంది. పిల్లలు సున్నం ప్యాకెట్‌ను నొక్కి ఆడుకుంటారు. అది పగిలి కంట్లో పడితే చూపు పోవచ్చు.

కంట్లో సున్నం పడితే నలపొద్దు. పాలు, నూనె, నెయ్యి ఏదీ పోయొద్దు. రెప్ప ఎత్తిపట్టి వెంటనే మంచినీళ్లు ధారగా పోయాలి. ఒక చెంబుతో సరిపెట్టొద్దు. అరగంట పాటు పోస్తూనే ఉండాలి. తర్వాత ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. నొప్పి తగ్గినా సరే, తీసుకుపోవాలి.