మీకు తెలుసా? తవ్వే ముందు నేల లోపల చూడొచ్చు!

● మనం నడిచే రోడ్డు కింద మంచినీటి పైపులు, మురుగునీటి గొట్టాలు, కరెంటు కేబుళ్లు, ఫైబర్ తీగలు, కొన్నిచోట్ల వంటగ్యాస్ లైన్లు ఉంటాయి. గునపం పోటు ఒక్కటి తగిలినా వీధి వీధంతా చీకటైపోవచ్చు.

● లొకేటర్ అనే పరికరం కేబుల్, లోహపు పైపు చుట్టూ ఉండే విద్యుదయస్కాంత క్షేత్రాన్ని పసిగడుతుంది. ప్లాస్టిక్ పైపు దానికి అందదు. అందుకే చాలాచోట్ల ప్లాస్టిక్ పైపు వేసేటప్పుడే పక్కన సన్నటి లోహపు తీగ పరుస్తారు.

● గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్‌ను చిన్న బండిలా నేలమీద తోసుకెళ్తారు. అది రేడియో తరంగాలను లోపలికి పంపుతుంది. అవి పైపుకు తగిలి వెనక్కి వస్తే, ఆ పరికరం తెరమీద బోర్లించిన గిన్నెలాంటి వంపు కనిపిస్తుంది. తడిసిన నల్లరేగడిలో మాత్రం తరంగాలు లోతుకు దిగవు.

● అమెరికాలో తవ్వే ముందు 811కు ఫోన్ చేస్తే నేలమీద రంగు గుర్తులు వేస్తారు. కరెంటుకు ఎరుపు, గ్యాస్‌కు పసుపు, మంచినీటికి నీలం, మురుగునీటికి ఆకుపచ్చ, టెలిఫోన్ తీగలకు నారింజ.

● మన దేశంలో 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ మొదలైంది. ఎక్కడ తవ్వుతున్నారో అందులో నమోదు చేస్తే, అక్కడ లైన్లున్న సంస్థలకు కబురు వెళ్తుంది.

● గుర్తులున్నా సరే, చేత్తో చిన్న గుంట తీసి, పైపును కంటితో చూశాకే జేసీబీని దింపాలి. ఒక్క రోజు ఆలస్యమైనా ఫర్వాలేదు. కరెంటు కేబుల్ తెగితే ముందు ప్రమాదంలో పడేది తవ్వే కూలీ ప్రాణమే. తవ్వే ముందు ఒక్కసారి అడగండి.