రాయి పోయింది, గొట్టం మిగిలింది!

"కోతే లేదమ్మాయ్! వీపున అర అంగుళం కూడా లేని గాటు. నాలుగో రోజుకి వంట చేసుకుంటా" అంది మా పెద్దాడపడుచు. 2023 సంక్రాంతి వెళ్లాక కిడ్నీలో రాయి తీయించుకుని ఇంటికొచ్చిన రోజు మాట ఇది. అన్నట్టే చేసింది కూడా. ఒళ్లు కాలిపోతున్నా పొయ్యి వెలిగించందే ఆవిడకి తోచదు.

ఆ తర్వాత మొదలైంది. మాటిమాటికీ బాత్‌రూముకి పరుగు. వెళితే మంట, నడుములో పోటు. అన్నయ్యగారితో చెప్పడానికి సిగ్గు. "ఆపరేషనయ్యాక మామూలేలే" అని తనకు తనే సర్దిచెప్పుకుంది. కొన్నాళ్లకి అలవాటైపోయింది. ఇంతలో కూతురి పెళ్లి కుదిరింది. శుభలేఖలు, చీరలు, సారె సామాన్లు... ఇక తన ఒంటి సంగతి ఎవరిక్కావాలి? దసరా ముందు ఒక రాత్రి, రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకుతో జ్వరం వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళితే ఎక్స్‌రేలో బయటపడింది. ఆపరేషన్ నాడు లోపల పెట్టిన గొట్టం అలాగే ఉండిపోయింది! దాని చుట్టూ మళ్లీ రాయి కట్టింది.

"నా లోపల గొట్టం ఉందని నాకెవరు చెప్పారు?" అంది ఆవిడ ఏడుస్తూ.

నిజమే, ఆవిడకి ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితంలో ఉంది, ఇంగ్లీషులో. 'డీజే స్టెంట్, నాలుగు వారాలకు తీయించుకోవాలి' అని. నోటితో చెప్పింది అన్నయ్యగారికి, బిల్లు కట్టే హడావిడిలో. ఆయన "మళ్లీ ఓసారి రమ్మన్నారు" అన్నంత వరకే ఇంటికి మోసుకొచ్చారు. ఆస్పత్రి వాళ్లు ఒక్క ఫోనైనా చేయలేదు. వాళ్లనని ఏం లాభం? డిగ్రీ చదివిన నేను ఆ రోజు కారులో ఆ ఫైలు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. మందుల చీటీ చూశాను గానీ ఆ పేజీ తిప్పలేదు.

ఈ గొట్టం చెడ్డదేం కాదండీ. రాయి పగలగొట్టాక లోపల వాపు ఉంటుంది, చిన్న ముక్కలు అడ్డం పడొచ్చు. మూత్రం ఆగకుండా కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా దీన్ని వేస్తారు. జారిపోకుండా రెండు కొసలూ వంకీ తిరిగి ఉంటాయి. అది ఉన్నన్నాళ్లూ కాస్త మంట, పోటు, మూత్రంలో ఎరుపు జీర మామూలే. సమయానికి వెళితే మూత్ర మార్గం నుంచే కొద్ది నిమిషాల్లో తీసేస్తారు. నెలల తరబడి వదిలేస్తే లవణాలు పేరుకుని లాగితే రాదు. మా ఆడపడుచుకి ముందు ఇన్ఫెక్షన్ తగ్గించి, తర్వాత మత్తిచ్చి, లేజర్‌తో ఆ పెచ్చులు పగలగొట్టి తీయాల్సొచ్చింది.

గాటు చిన్నదైనా దారి కిడ్నీలోంచే కదా! రక్తం బాగా పారే చోటు అది. ఇంటికొచ్చిన వారం, రెండు వారాల తర్వాత కూడా ఒక్కోసారి రక్తస్రావం మొదలవుతుంది. మూత్రం చిక్కగా ఎర్రగా వచ్చినా, గడ్డలు పడినా, అసలు రాకపోయినా ఆగకూడదు. రాళ్లలో క్రిములుండొచ్చు, పగిలినప్పుడు రక్తంలోకి చేరొచ్చు. అందుకే వణుకుతో జ్వరమొస్తే పారాసెటమాల్ వేసుకుని ముసుగుతన్ని పడుకోకండి. అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఇంకొకటి, బాత్‌రూముకి వెళ్లాల్సొస్తుందని నీళ్లు మానేస్తాం మనం, ముఖ్యంగా పెళ్లిళ్లలో, ప్రయాణాల్లో. రాయి మళ్లీ కట్టడానికి అంతకంటే ఏం కావాలి?

మొన్న ఆవిడే ఫోన్ చేసింది. అల్లుడి మేనత్తకి ఇదే ఆపరేషనట. "గొట్టం వేశారా, ఎప్పుడు తీస్తారు, ముక్కలేమన్నా మిగిలాయా... ఆవిడ నోటితోనే డాక్టరుగారిని అడిగించానమ్మాయ్" అంది. ఆ తేదీ వాళ్లింట్లోనే కాదు, తన వంటింటి క్యాలెండరులో కూడా, పాల లెక్క పక్కన ఎర్ర సిరాతో రాసి పెట్టుకుందట.