ఆట ఆగినా... బొమ్మ ఆగలేదు!

తలపై దేవగన్నేరు పూలు, చేతిలో విసనకర్ర, ఓ పక్కకు ఒరిగిన నడుం, విల్లులా వెనక్కి వంగిన వేళ్లు... ఇండొనేషియాలోని బాలి దీవి, సానూర్ తీరంలో ఉన్న లె మేయర్ మ్యూజియంలో అడుగుపెడితే నాట్యకత్తెలే ఎదురొస్తారు. కాస్త పరికించి చూడండి. చాలా బొమ్మల్లో కనిపించే ముఖం ఒకటే. ఆమె పేరు ని పోలోక్.

బెల్జియం చిత్రకారుడు లె మేయర్ 1932లో బాలి వచ్చేసరికి ఆయనకు యాభై దాటాయి. పోలోక్‌కి పదిహేనేళ్లు. లెగాంగ్ నాట్యంలో అప్పటికే ఆమెకు మంచి పేరు. కానీ సంప్రదాయం ప్రకారం లెగాంగ్ చిన్నపిల్లల ఆట. ఈడొచ్చాక మానేయాల్సిందే! సరిగ్గా ఆ వయసులోనే ఆమె కాన్వాసు ఎక్కింది. 1933లో సింగపూర్‌లో పెట్టిన ప్రదర్శనలో ఆ బొమ్మలు బాగా అమ్ముడుపోయాయి. ఆ డబ్బుతోనే సముద్రం ఒడ్డున ఇల్లు కట్టాడాయన. 1935లో పెళ్లి చేసుకున్నారు. ఇద్దరి మధ్యా వయసు తేడా చూస్తే ఇప్పటివాళ్లకి మనసు కాస్త చివుక్కుమంటుంది.

రెండో ప్రపంచయుద్ధంలో బాలి జపాన్ చేతికి చిక్కింది. లె మేయర్‌ని ఇల్లు కదలనివ్వలేదు. కాన్వాసు దొరకలేదు. అయినా కుంచె ఆపితేగా! గోనెపట్టా మీద గీశాడు. ముతక నేత మీద అవే పూలు, అదే ఎండ, అదే పోలోక్.

ఇంటిని, బొమ్మల్ని 1957లో ఇండొనేషియా ప్రభుత్వానికి రాసిచ్చి, మరుసటేడు బ్రస్సెల్స్‌లో కన్నుమూశాడు లె మేయర్. పోలోక్ మాత్రం సానూర్ తిరిగొచ్చింది. ఆ ఇంట్లోనే, పదిహేనేళ్ల తన బొమ్మల మధ్య, 1985లో పోయేదాకా ఉంది. ఉప్పుగాలికి ఆ రంగులు పాడవకుండా చూడటం ఇప్పుడు మ్యూజియం వాళ్ల పని.