ఒడ్డున గడిపింది ఎనిమిదేళ్లే!

ముప్ఫై తొమ్మిదేళ్లు సరుకు ఓడల్లో పనిచేసిన విశాఖ కళాసి జ్ఞాపకాలు

విశాఖపట్నం: రేవుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ సందులో 'షిప్పు తాత ఇల్లు ఏది?' అని అడిగితే చిన్నపిల్లలు సైతం వేలు పెట్టి చూపిస్తారు. రెండు గదుల పెంకుటిల్లు. గోడ మీద ఒక ఓడ ఫోటో, దాని పక్కనే వేంకటేశ్వరస్వామి పటం. ఎనభై దాటిన తాతగారు అరుగు మీద కూర్చుని నైలాన్ తాడు కొసలు విప్పి మళ్లీ అల్లుతూ ఉంటారు. చేతులు ఊరికే ఉండలేవట.

ఆ ఇంట్లో ఇనప్పెట్టె అడుగున మూడు పాత పుస్తకాలున్నాయి. కంటిన్యుయస్ డిశ్చార్జి సర్టిఫికెట్ అనే ఈ పుస్తకం లేనిదే కళాసి ఓడ ఎక్కలేడు. ఏ ఓడలో ఏ తేదీన చేరాడు, ఏ రేవులో దిగాడు, పనితనం, నడవడిక ఎలా ఉన్నాయి అన్నవన్నీ అందులో ముద్రలతో సహా ఉంటాయి. ఇంటర్ పాసైన మనవడు తానూ ఓడల్లోకి పోతానని పట్టుబట్టడంతో ఆ పుస్తకాలు మళ్లీ బయటికి వచ్చాయి. తీయించింది తాతగారు కాదు, నాయనమ్మ. డిగ్రీ చదువుతున్న మనవరాలి చేత ఆమె లెక్క వేయించారు.

పెళ్లయిన 1968 నుంచి పని మానేసిన 2002 వరకు 34 ఏళ్లు. అందులో సముద్రం మీద 22 ఏళ్లు. ఓడ దొరకక కలకత్తాలో పడిగాపులు పడినది మరో నాలుగేళ్లు. ఇంటి దగ్గర ఉన్నది ఎనిమిదేళ్లు.

తండ్రి భుజం మీద నుంచి...

తాతగారి తండ్రి రేవులో మూటలు మోసిన కూలీ. 1933లో విశాఖ రేవు తెరిచినప్పుడు మొట్టమొదట లోపలికి వచ్చిన 'జలదుర్గ' ఓడను చూశానని ఆయన జీవితాంతం చెప్పుకునేవాడట. 1948 మార్చి 14న సింధియా షిప్‌యార్డులో 'జల ఉష' ఓడను ప్రధాని నెహ్రూ నీటిలోకి ప్రవేశపెట్టారు. స్వతంత్ర భారతంలో తయారైన తొలి పెద్ద ఓడ అది. ఆ జనంలో నాలుగేళ్ల కొడుకును భుజం మీద కూర్చోబెట్టుకుని నిలుచున్నాడు ఆ కూలీ.

"నాకు నెహ్రూగారు గుర్తులేరు. మా నాన్న తలపాగా గుర్తుంది. దాన్ని పట్టుకుని కూర్చున్నాను" అంటారు తాతగారు.

ఓడల్లో కింది స్థాయి సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి అప్పట్లో ప్రభుత్వం నడిపిన మూడు శిక్షణ నౌకల్లో 'మేఖల' విశాఖలోనే ఉండేది. మిగిలినవి కలకత్తాలో 'భద్ర', గుజరాత్‌లో 'నౌలక్షి'. 1962లో పద్దెనిమిదో ఏట ఈయన మేఖలలో చేరారు. ముడులు వేయడం, పడవ నడపడం, దిక్సూచి చదవడం, తెల్లవారకముందే లేచి డెక్కు కడగడం అక్కడ నేర్చినవే.

శిక్షణ పూర్తయినంత మాత్రాన ఓడ దొరకదు. హౌరా మెయిలెక్కి కలకత్తా వెళ్లి, అక్కడి సీమెన్స్ ఎంప్లాయిమెంట్ ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి. పేరు వరసలో పైకి వచ్చేదాకా ఆగాలి. ఖిదిర్‌పూర్‌లో ఒక గదిలో పదిమంది తెలుగువాళ్లు చాపలు పరుచుకుని పడుకునేవారు. పూటకొకరు వండేవారు. ఓడ ఎక్కకముందే చేసిన అప్పు ఓడ దిగాక తీర్చడం మామూలే. 1963లో ఈయనకు పిలుపు వచ్చింది.

నాలుగు గంటల పని, ఎనిమిది గంటల విరామం

ఆనాటి సరుకు ఓడలో యాభై అరవై మంది ఉండేవారు. డెక్కు మీద పనివాళ్లకు పెద్ద సరంగు. అతని కింద టిండాల్. చుక్కాని పట్టేవాడు సుకాణీ. సామాను గదికి కసబు, వంటకు భండారీ, ఊడ్చి కడగడానికి టోపాసు. కింద ఇంజను గదిలో వేరే దళం, వాళ్లకు వేరే సరంగు. పోర్చుగీసు, అరబ్బీ, హిందుస్తానీ మాటలు కలిసి పుట్టిన ఓడ భాష ఇది. సరుకు ఎత్తాలంటే 'హాబీస్', దించాలంటే 'ఆరియా'. బెంగాలీ అయినా, గోవా మనిషి అయినా, తెలుగువాడైనా ఈ రెండు మాటలకు మాత్రం ఒకేసారి కదిలేవాడు.

రోజును నాలుగేసి గంటల కాపలాలుగా పంచేవారు. పన్నెండు నుంచి నాలుగు, నాలుగు నుంచి ఎనిమిది, ఎనిమిది నుంచి పన్నెండు. పగలు ఏ కాపలా వస్తే రాత్రి కూడా అదే. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఓడ ముక్కు దగ్గర ఒంటరిగా నిలబడి చీకట్లోకి చూడడం కొత్తవాడికి మొదటి పరీక్ష. దూరాన దీపం కనిపిస్తే గంట కొట్టాలి. కుడివైపు అయితే ఒకసారి, ఎడమవైపు అయితే రెండుసార్లు, ఎదురుగా అయితే మూడుసార్లు.

పగలు చేసే పనిలో సగం తుప్పుతో యుద్ధమే. ఉప్పుగాలికి ఇనుము నిలవదు. చిన్న సుత్తితో తుప్పు రాల్చి, తీగ బ్రష్‌తో రుద్ది, ఎర్రరంగు పూసి, దాని మీద అసలు రంగు వేయాలి. ఓడ ఈ కొసనుంచి ఆ కొసకు వచ్చేసరికి మొదలుపెట్టిన చోట మళ్లీ తుప్పు కనిపించేది. "చెవుల్లో ఇప్పటికీ ఆ టకటక ఉంది. అందుకే గట్టిగా చెబితే గాని వినిపించదు" అని నవ్వుతారు తాతగారు.

రేవు విడిచేముందు సరుకు అరల మూతలు వేయడం మరో పెద్ద పని. ఆ రోజుల్లో అవి బరువైన చెక్కపలకలు. ఒక్కొక్కటి ఇద్దరు మోసి పేర్చి, వాటి మీద టార్పాలిన్లు పొరలుగా పరిచి, అంచుల్లో ఇనుప బద్దీలు దూర్చి చెక్క చీలలు కొట్టాలి. ఒక్క చీల వదులైతే తుపాను అల టార్పాలిన్‌ను చింపేస్తుంది. అరలోకి నీరు చేరితే ఓడకే ముప్పు. చీలలన్నీ తట్టి చూశాకే సరంగు అన్నానికి కూర్చునేవాడట.

అన్నిటికంటే భయపడేది తుపానుకు కాదు, తాడుకు. ఓడను గట్టుకు కట్టే లావుపాటి తాడు బిగుసుకుని తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. 1974 చలికాలంలో ఐరోపాలోని ఒక రేవులో, మంచు పట్టిన డెక్కు మీద అదే జరిగింది. పక్కన నిలుచున్న తోటి కళాసి కాలు మోకాలి కిందికి పోయింది. "అంతకు నిమిషం ముందు ఆ చోటులో నేనున్నాను. చేతిజోళ్లు తెచ్చుకుందామని పక్కకు జరిగాను" అని చెప్పి తాతగారు చాలాసేపు మాట్లాడలేదు.

సముద్రం మీద పిండప్రదానం

1967 యుద్ధంతో సూయజ్ కాలువ మూతపడింది. 1975 జూన్‌లో గాని తిరిగి తెరుచుకోలేదు. ఆ ఎనిమిదేళ్లూ ఐరోపా వెళ్లే మన ఓడలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి వెళ్లవలసి వచ్చింది. బొంబాయి నుంచి లండన్‌కు సూయజ్ మీదుగా సుమారు 6,200 నాటికల్ మైళ్లయితే, గుడ్‌హోప్ అగ్రం చుట్టి వెళితే 10,700 పైచిలుకు. ప్రతి ప్రయాణం వారాలు పెరిగింది. ఇంటికి రావడం అంతకంతా వెనక్కి పోయింది.

1971లో అలా వెళుతుండగా, గుడ్‌హోప్ అగ్రం దాటిన మూడో రోజున రేడియో అధికారి చిన్న కాగితం ముక్క పట్టుకుని డెక్కు మీదికి వచ్చాడు. ఇంటి నుంచి వెళ్లిన తంతి కంపెనీ ఆఫీసుకు చేరి, అక్కడి నుంచి మోర్స్ సంకేతాల్లో ఓడకు అందింది. తండ్రి పోయాడు. పోయి అప్పటికి ఐదు రోజులైంది. వర్ణవివక్ష పాటించే దక్షిణాఫ్రికాతో వాణిజ్యాన్ని మన దేశం 1946లోనే నిషేధించింది. ఆ తీరం దగ్గరలోనే ఉన్నా అక్కడ దిగే ఆలోచనే లేదు. తరువాతి రేవు డకార్. అక్కడికి ఇంకా వారం పైనే.

"దిగినా ఏం చేస్తాను? దహనం అయిపోయింది" అంటారాయన. పదో రోజు లెక్క చూసి ఓడ వెనుక డెక్కు మీద తోటి కళాసి గుండు గీశాడు. భండారీ చిట్టగాంగ్ ముస్లిం. తలస్నానం చేసి, కొత్త గిన్నెలో అన్నం వండి తెచ్చి ఇచ్చాడు. మంత్రాలు చెప్పేవాళ్లు లేరు. తండ్రి పేరు మూడుసార్లు చెప్పి ముద్ద సముద్రంలో వదిలారు. సరంగు ఆ పూట ఆయన కాపలా తాను కాశాడు.

"మా నాన్న భుజం మీద ఎక్కించుకుని ఓడను చూపించాడు. ఆ ఓడే నన్ను ఆయన పాడె మొయ్యనివ్వలేదు."

ఇంటి కాపలా

ఈ కథలో రెండో సగం నాయనమ్మది. కళాసి జీతంలో కొంత భాగాన్ని నెలనెలా ఇంటికి పంపే ఏర్పాటు ఉంటుంది. దాన్నే 'అలాట్‌మెంట్' అంటారు. ఆ మనియార్డరుతో ఆమె ముగ్గురు పిల్లల్ని పెంచారు. ఆడపడుచు పెళ్లి చేశారు. ఇంటి కప్పు మార్పించారు. ఓడ ఒప్పందం ముగిసి ఆయన కలకత్తాలో వరస కోసం ఆగినన్నాళ్లూ మనియార్డరు ఉండేది కాదు. అప్పుడు చేపల మార్కెట్‌లో గంప ముందు కూర్చున్నారు.

"పిల్లకి జరం వస్తే ఉత్తరం రాసేదాన్ని. అది సేరేసరికి జరం తగ్గిపోయేది. తగ్గిందని ఇంకోటి రాద్దునా, ఓడ వేరే రేవుకి ఎల్లిపోయేది. ఆయన బెంగ ఎప్పుడూ నెల పాతదే" అంటారామె.

బయటి హార్బరు 1976లో మొదలయ్యాక, జపానుకు ఇనుప ఖనిజం తీసుకెళ్లే పెద్ద ఓడలు విశాఖకు రాసాగాయి. 1978లో తాతగారి ఓడ కూడా అలా వచ్చింది. ఇంటికి మూడు మైళ్లు లేదు. అయినా కన్వేయర్ మీద ఖనిజం ధారగా పడుతుంటే ఓడ నిండడానికి ఎంతసేపు? ఆరు గంటల సెలవు దొరికింది. మూడేళ్ల రెండో కూతురు తండ్రి దగ్గరకు రాలేదు. గోడ మీది ఫోటో దగ్గరకు వెళ్లి చూసి, మళ్లీ ఆయన్ని చూసి, అప్పుడు వచ్చి ఒళ్లో కూర్చుంది. అప్పటికి ఆయన లేవవలసిన వేళయింది.

ఓడలు మారాయి, ఎడబాటు మారలేదు

తాతగారు 1985లో సరంగు అయ్యారు. అప్పటికే పని తీరు మారిపోతోంది. మన దేశానికి తొలి కంటైనర్ ఓడ 1973లో కొచ్చిన్‌కు వచ్చింది. బస్తాలు, పెట్టెలు విడివిడిగా ఎత్తి దించే రోజుల్లో ఓడ రేవులో పది పదిహేను రోజులు ఉండేది. కళాసి ఊరు చూసేవాడు, సినిమాకు వెళ్లేవాడు, ఉత్తరాలు అందుకునేవాడు. కంటైనర్లు వచ్చాక రోజులు గంటలయ్యాయి. అరవై మంది చేసిన పని ఇరవై పాతిక మందికి చేరింది. మోర్స్ యంత్రం 1999తో సెలవు తీసుకుంది. రేడియో అధికారి ఉద్యోగం కూడా దాంతోనే పోయింది.

బాగుపడినవీ ఉన్నాయి. కళాసులకు ప్రావిడెంట్ ఫండ్ చట్టం 1966లో వచ్చింది. అంతర్జాతీయ నౌకా కార్మిక ఒడంబడిక 2013లో అమలులోకి వచ్చింది. మన దేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం ఇరవై నాలుగు గంటల్లో కనీసం పది గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఒప్పందం ముగిశాక యజమాని ఖర్చుతో ఇంటికి చేర్చాలి. అయినా 2020లో కరోనా వచ్చి దేశాలు తలుపులు వేసుకున్నప్పుడు, ప్రపంచం మొత్తం మీద దాదాపు నాలుగు లక్షల మంది గడువు ముగిసినా ఓడల్లోనే చిక్కుపడిపోయారు. ఆ వార్తలు టీవీలో వస్తే తాతగారు కట్టేయమనేవారట.

మనవడికి రెండు షరతులు

మనవడికి నగరంలో ఒక ఏజెంటు తగిలాడు. కొన్ని లక్షలు ఇస్తే శిక్షణ లేకుండానే విదేశీ ఓడ ఎక్కిస్తానన్నాడు. తాతగారు ఆ కుర్రవాడి చేత ఏజెంటును ఒకే ప్రశ్న అడిగించారు. "షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన లైసెన్సు నంబరు చెప్పు." ఆ ఏజెంటు మళ్లీ ఫోను ఎత్తలేదు.

పోతే సక్రమంగా పోవాలన్నది తాతగారి షరతు. గుర్తింపు పొందిన సంస్థలో ఆరు నెలల శిక్షణ పూర్తి చేయాలి. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు జీతం, ఓడ పేరు, దిగే గడువు చదువుకోవాలి. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే ఏజెంటు గడప తొక్కకూడదు.

నాయనమ్మ షరతు వేరు. మనవరాలు వేసిన లెక్క కాగితాన్ని ఆమె మనవడి చేతికిచ్చి, "దీన్ని నువ్వు సేసుకోబోయే పిల్లకి సూపించు. ఆ పిల్ల సరేనంటే నాను కాదనను" అన్నారు. ఆ కుర్రవాడికి ఇంకా పెళ్లి ఊసే లేదు. కాగితం మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తాతగారు ఎటూ చెప్పలేదు. మూడు పుస్తకాలూ తుడిచి మళ్లీ పెట్టెలో పెట్టారు. శిక్షణ దరఖాస్తుకు గడువు ఇంకా పది రోజులుంది.