చిత్రలేఖన ప్రథమశిక్ష: రచనయు విమర్శయు

కావ్యగుణదోషవిచారము మనకుఁ బరంపరగా వచ్చిన విద్య. పద్యము విన్నతోడనే యతి కుదిరినదా, యన్వయము సరిపడినదా, యౌచిత్యము చెడలేదా యని పరికించుట పండితులకు నలవాటు. అట్లు పరికించువారిలోఁ బెక్కండ్రు తామును గొన్ని పద్యములైన వ్రాసినవారే. అందుచేత వారి తీర్పునందుఁ గొంత యనుభవబలము గలదు. చిత్రముల విషయమున నిట్లు గాదు. జన్మమున నొక గీఁతయైన గీయనివారము చిత్రమును జూచి బాగున్నదనియో బాగులేదనియో యొక్కమాటతోఁ దీర్పు చెప్పి తృప్తి నొందుచున్నాము. పాఠశాలలలో బాలురు గీచిన బొమ్మలకును నిదియే గతి. ఈ తీర్పు ఎట్లు తప్పునో, చిత్రమును రచించుటకును విమర్శించుటకును గల సంబంధ మెట్టిదో, ప్రారంభదశయందలి విద్యార్థికి విమర్శ యేరీతి నుపకరించునో యీ వ్యాసమున విచారింపఁదలఁచితిని.

ఈ విషయమును నేను గ్రంథములనుండియే కాక చేతితోఁ గూడ నేర్వవలసి వచ్చినది. ముప్పది యేండ్లకుఁ బైగాఁ దెలుఁగు బోధించి పని విరమించిన పిదప, మా యూరఁ బ్రారంభకులకై నడచుచున్న యొక చిత్రలేఖన తరగతిలోఁ జేరితిని. తక్కినవా రందఱును నా మనుమల యీడువారు. మొదటినాఁడు గురువుగారు బల్లమీఁద నొక రాగిచెంబును, రెండు నిమ్మపండ్లను, మడఁత విప్పిన యొక పైపంచను నుంచి, "తెలిసినది గీయవలదు, కనఁబడినది గీయుఁడు" అని మాత్రము చెప్పిరి. ఈ రెంటికిని భేద మేమో నాకు బోధపడలేదు. గంటసేపు శ్రమించి చెంబును గీచితిని. తరగతి ముగియుటకు ముందు గురువుగా రందఱి చిత్రములను గోడ కానించి వరుసగా నిలిపి, యెవరి చిత్రమునుగుఱించి వారు మాటాడక, యితరులు చెప్పునది వినవలెనని నియమము చేసిరి. నా వంతు రాఁగా నొక బాలిక లేచి, "తాతగారూ, మీ చెంబునోరు మేడమీఁదనుండి చూచినట్లున్నది, అడుగు నేలమీఁదఁ బండుకొని చూచినట్లున్నది" అనెను. అందఱును నవ్విరి. నేనును నవ్వితిని గాని లోలోపల నొచ్చుకొంటిని. ముప్పది యేండ్లు పరుల వ్రాఁతలను దిద్దిన నాకుఁ బదిమంది యెదుట నా చేఁతను దిద్దించుకొనుట యదియే మొదలు.

ఇంటికి వచ్చి చెంబును మరల ముందుంచుకొని చూచితిని. బాలిక చెప్పినది నిజము. చెంబునోరు వర్తులమని నేనెఱుఁగుదును. కావున వర్తులమునే గీచితిని. చెంబు బల్లమీఁదఁ గుదురుగా నిలుచునని యెఱుఁగుదును. కావున నడుగును దిన్నని గీఁతగా గీచితిని. ఈ రెండును నా యెఱుకయే కాని నా చూపు కాదు. వర్తులమును నేటవాలుగాఁ జూచినప్పు డది దీర్ఘవృత్తముగాఁ గనఁబడును. కంటిమట్టమునకు సమీపించినకొలఁది యా దీర్ఘవృత్తము సన్నగిల్లి, సరిగాఁ గంటిమట్టమునకు వచ్చినప్పుడు గీఁతవలెఁ దోఁచును. దిగువకుఁ బోయినకొలఁది విప్పారును. బల్లమీఁది చెంబు కంటికి దిగువ నున్నది. అందు నోటికంటె నడుగు మఱింత దిగువ. కావున నోటికంటె నడుగున వంపు హెచ్చుగా నుండవలెనే కాని తిన్నని గీఁత కానేరదు. వస్తువు తిరిగియున్న తీరునుబట్టి కొన్ని భాగములు కుదియుటను, గొన్ని విరియుటను మన శిల్పశాస్త్రము క్షయవృద్ధు లను పేర నెఱిఁగియే యున్నది. పేరు నేనును జదివియుంటిని. అది నా చెంబునకు సంబంధించినదని మాత్ర మెఱుఁగనైతిని.

ఇట శాస్త్రమును గొంత స్మరించుట యుచితము. విష్ణుధర్మోత్తర పురాణము తృతీయఖండమునందలి చిత్రసూత్రము స్థానము, ప్రమాణము, భూలంబము, మధురత్వము, విభక్తత, సాదృశ్యము, క్షయము, వృద్ధి యని చిత్రమున కెనిమిది గుణములఁ జెప్పినది. రేఖలు దుర్బలములగుట, మోటుగా నుండుట, అవయవముల విభాగము తెలియకుండుట మున్నగువానిని దోషములుగా నెంచినది. నిద్రించువానియందుఁ జైతన్యమును, మృతునియందుఁ దదభావమును, ఎత్తుపల్లముల విభాగమును జూపఁగలవాఁడే చిత్రము నెఱిఁగినవాఁడని నిర్ణయించినది. కామసూత్రములకు జయమంగళావ్యాఖ్య రచించిన యశోధరుఁడు రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అని యాఱంగములఁ బేర్కొనెను. ఈ రెండు పట్టికలను బరికించినచో నొకటి స్పష్టమగును. బాగున్నది, బాగులేదు అను మాటలకు వీనిలోఁ జోటులేదు. ఏది యెందుచేత బాగున్నదో విడఁదీసి చెప్పుటకే యీ పేరులన్నియు నేర్పడినవి.

చిత్రసూత్రమునందే మఱియొక మాట గలదు. ఒకే చిత్రమునందు నాచార్యులు రేఖను, విచక్షణులు వర్తనను, స్త్రీలు భూషణములను, తక్కిన జనులు వర్ణసమృద్ధిని మెచ్చుకొందురఁట. వర్తన యనఁగా నీడచేత రూపమునకు గుండ్రదనము దెచ్చుట. స్త్రీలను భూషణప్రియలని యొక్కమాటఁ జెప్పుట యా కాలపు రీతి. నా చెంబునందలి రేఖాదోషమును బట్టినది బాలికయే. అయినను దీనియందలి సారము గ్రాహ్యము. చూపరులు పలువురు గూడినఁగాని చిత్రము పూర్తిగాఁ జూడఁబడదు. తరగతిలో నందఱి చిత్రములను గోడ కానించి యందఱిచేతను మాటాడించుటకుఁ గారణ మిదియే. ఒకఁడు గీఁతను జూచును, ఒకఁడు నీడను జూచును, ఒకఁడు కాగితముమీఁద విడిచిన ఖాళీని జూచును.

లక్షణమునకు లక్ష్యము కావలెనన్న నభిజ్ఞాన శాకుంతలము షష్ఠాంకమును జూడవలెను. పండితులకు నది కంఠస్థమే యైనను దానిని జిత్రవిమర్శపాఠముగాఁ జదువుట యరుదు. దుష్యంతుఁడు తాను వ్రాసిన శకుంతలాచిత్రమును దెప్పించెను. విదూషకుఁడు మొదట మెచ్చుకొనెను గాని మెప్పుతోనే యూరకుండలేదు. చిత్రమునందలి యెత్తుపల్లములయందుఁ దన చూపు తొట్రుపడుచున్నదని తన యనుభవమును జెప్పెను. చిత్రసూత్రకారుఁడు మెచ్చిన యెత్తుపల్లముల విభాగ మిదియే. చిత్రమున ముగ్గురు స్త్రీలుండఁగా శకుంతల యెవ్వతెయో యూహింపవలసి వచ్చినప్పుడు, వదలిన కొప్పును, మోమునఁ జెమటబిందువులను, వాలిన చేతులను జూపి తన యూహకుఁ గారణములఁ జెప్పెను. రాజు తన పనినిగూర్చి తానే, సరిగా రానిదానిని దిద్దితిననియు, నైనను నామె లావణ్యము రేఖయందుఁ గొంతయే యందినదనియు నొప్పుకొనెను. అంచులఁ దన వ్రేళ్ల చెమటగుఱుతును, చెక్కిలిపై రంగుబ్బుటచేఁ దెలియు కన్నీటిచుక్కను దానే చూపెను. ఇంకను వ్రాయవలసినవానిని లెక్కించెను: హంసమిథునములు గల మాలినీసైకతము, హిమవంతపు పాదములు, నారచీరలు వ్రేలాడు చెట్టు, దాని నీడను మగజింకకొమ్మునకుఁ గన్ను రాచుకొను నాఁడుజింక, శకుంతల చెవిని శిరీషపుష్పము.

చూచినవాఁడు కారణము చెప్పుట, చేసినవాఁడు కొఱఁత నెఱుఁగుట, ఇఁకముందు చేయవలసినది నిర్ణయించుట యను మూఁడును నిందుఁ గలవు. ఇంతకు మించిన తరగతి యెందునులేదు. మఱియొక హెచ్చరికయు నిందుఁ గలదు. రాజు చిత్రమునందలి తుమ్మెదను నిజమైనదానిగాఁ దలఁచి గద్దించుచుండఁగా విదూషకుఁ డది చిత్రమే యని చెప్పెను. మాట సత్యమే; కాని యా క్షణమున రాజునకుఁ గలిగిన దర్శనసుఖము చెదరిపోయినది. సత్యమైన విమర్శకును వేళ యున్నది.

ఆధునిక కళాధ్యాపకులు విమర్శను గ్రమబద్ధము చేసిరి. అమెరికా దేశీయుఁడగు ఎడ్మండ్ ఫెల్డ్‌మన్ గత శతాబ్దపు టుత్తరార్ధమునఁ బ్రచారము చేసిన పద్ధతియందు నాలుగు మెట్లున్నవి: వర్ణనము, రచనావిశ్లేషణము, అర్థవివరణము, నిర్ణయము. నా చెంబునకే దీని నన్వయింతును. చెంబు, రెండు పండ్లు, వస్త్రము నున్నవనుట వర్ణనము. నోటివంపును నడుగుగీఁతయు నొక్క చూపునకుఁ జెందవనుట విశ్లేషణము. చూచినవాఁడు కంటికంటె నెఱుకను నమ్మినాఁడనుట వివరణము. కావున సాదృశ్యము కుదురలేదనుట నిర్ణయము. మనము సాధారణముగా మొదటి మూఁడు మెట్లును దాఁటి నాలుగవదానిపైకి దుముకుదుము. అట్లు దుమికినవాని తీర్పు నిజమైనను దానివలన విద్యార్థి కేమియుఁ దెలియదు; తప్పైనచో దానిని దిద్దుకొను మార్గము తీర్పరికిని లేదు.

తీర్పు తప్పుట యెట్లుండునో నా యనుభవమునే చెప్పెదను. నేను బడిలో బోధించుచుండిన దినములలో నొక బాలుఁడు తెలుఁగు వ్రాఁతపుస్తకము చివరిపుటను నొక యెడ్లబండిని గీచెను. బండి వీధిమలుపునఁ దిరుగుచున్నట్లుండెను. దాని చక్రమును వాఁడు కోలగా గీచెను. నేను పుస్తకములు దిద్దుచు, ఆ పుటను జూచి, యెఱ్ఱసిరాతో నా కోలచక్రముపైఁ జక్కని వర్తులము నొకదానిని గీచి, "చక్రము గుండ్రముగా నుండును" అని వ్రాసితిని. కోపముతోఁ గాదు, దిద్దుట నా ధర్మమని తలఁచియే వ్రాసితిని. ఆ యేఁడు మరల వాని పుస్తకమున బొమ్మ కనఁబడలేదు. వాఁడు చదువునందు శ్రద్ధ వహించెనని సంతసించితిని.

చెంబు ముందుంచుకొని కూర్చున్ననాఁ డా చక్రము జ్ఞప్తికి వచ్చినది. మలుపు తిరుగుచున్న బండిచక్రము ప్రక్కకు వాలి కనఁబడును. దానిని గోలగా గీయుటయే సరి. నా కఱువదియేండ్లు దాఁటిన పిదపఁ జెంబువలనఁ దెలిసినది వానికిఁ బదియేండ్ల ప్రాయమున బండివలనఁ దెలిసియుండెను. వాఁడు కనఁబడినదానిని గీచెను. నేను దెలిసినదానితో దానిని గొట్టివేసితిని. వాఁ డిప్పు డెచట నున్నాఁడో యెఱుఁగను. వానికి నా తప్పు నొప్పుకొను నుపాయము లేకపోవుటచేత నీ పుటలయం దొప్పుకొనుచున్నాను.

ఇందుకు విపరీతమైన యుదాహరణము మన దేశముననే కలదు. రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలకు 1909 మొదలు 1919 వఱకు నధ్యక్షుఁడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రేకుఁ జిత్రలేఖనబోధ యుద్యోగధర్మము కాదు. కాని యాయన తాను జిత్రకారుఁడు. బాలుర చేఁతలను గన్నువిప్పి చూచినవాఁడు. ఆయన ప్రోత్సాహమున దామెర్ల రామారావు బొంబాయి జె. జె. కళాశాలకుఁ బోయి చదివెను; అడివి బాపిరాజును నాయన శిష్యుఁడే. 1897లో జన్మించిన రామారావు 1925లోనే గతించినను, నాతని చిత్రములు రాజమహేంద్రవరమున నాతని పేర నున్న చిత్రశాలయందుఁ గలవు. బాలుని చేఁతలో నున్నది యేమో మొదట వెదకిన యొక యధ్యాపకుని చూపు వాని వెనుక నున్నది.

కావునఁ బాఠశాలాపండితులకు నేను విన్నవించునది యల్పము. బాలుఁడు బొమ్మఁ జూపినప్పుడు మొదటఁ గొంతసేపు మాటాడక చూడవలెను. పిదపఁ గనఁబడినదానిని బేరుపెట్టి చెప్పవలెను. దోష మని తోఁచినచోట, "నీ వెచట నిలిచి చూచితివి?" అని యడుగవలెను, వాఁడు చెప్పినచోట మనస్సుచేతనైన నిలిచి చూడవలెను. అప్పటికిని దోషమే యైనచో నది యెందుచేత దోషమో, యెట్లు దిద్దవలెనో చెప్పి, దిద్దుట వాని చేతికే విడువవలెను. పరుని గీఁతపై మన గీఁత గీయరాదు. వీలైనచో వత్సరమున కొకసారియైన మనమును నొక చెంబును గీచి, పిల్లల యెదుట గోడ కానించి, వారు చెప్పునది వినవలెను.

నేను గీచిన రెండవచెంబును దరగతికిఁ దీసికొనిపోయితిని. బాలిక చాలసేపు చూచి, "నోరు సరిపోయినది, తాతగారూ. అడుగు ఇంకను గొంచెము వంగవలెను" అనెను. రబ్బరు తీసికొని కూర్చుంటిని.